ఎడమ పక్క సీటు

మా ఇంట్లో వరస ఇదీ: పొద్దున నమాజు అయ్యాక మొదటి స్నానం కారుకి, రెండోది మా ఆయనకి, నీళ్ళు మిగిలితే మూడోది నాకు. అబద్ధమనుకుంటే పక్కింటి సుబ్బరావమ్మ గారిని అడగండి. ఆవిడ మేడ మీద నుంచి రోజూ చూస్తూనే ఉంటుంది. మా అమ్మాయి అర్ఫా గుంటూరులో నర్సింగ్ చదువుతోంది. అది వీడియో కాల్ చేస్తే ఆయన ముందు కారుని చూపిస్తాడు, ఆ తర్వాత గుర్తొస్తే నన్ను చూపిస్తాడు. "అమ్మా, నీకంటే అదే నిగనిగలాడుతోందే" అని అది పకపకా నవ్వుతుంది. నాకు ఒళ్ళు మండుతుంది.

ఆయన పేరు బుడాన్. నా పేరు ఖాజాబీ. చిలకలూరిపేటలో మాది పరుపుల షాపు. మా తాతలు విల్లు భుజాన వేసుకుని పల్లెపల్లెకీ తిరిగి దూది ఏకిన వాళ్ళు. ఇప్పుడు ఏకడానికి మిషను ఉంది. ఆయన షాపులో కూర్చుని పరుపులు నింపి కుడతాడు, నేను వాటిని ట్రాలీ ఆటోలో వేసుకుని నరసరావుపేట నుంచి అద్దంకి దాకా ఇళ్ళకి చేరుస్తాను. మా నాన్న మీరా హుస్సేన్ లారీ డ్రైవరు. తోలడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. మొదట్లో ఆడమనిషి ట్రాలీ తోలడమేంటని రోడ్డు మీద ఆగి మరీ చూసేవాళ్ళు. ఇప్పుడు నేను హారన్ కొడితే తప్పుకుంటారు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, పదిహేనేళ్ళుగా అందర్నీ, అన్నిటినీ నేనే మోసుకెళ్తున్నాను. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళిన వాళ్ళు ఒక్కరూ లేరు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, అద్దంలోంచి బయటికి చూస్తూ, వేరే మనిషి తోలుతుంటే కూర్చోవాలి. నా కోరిక అంతే. ఆ వేరే మనిషి మా ఆయనైతే ఇంకా బాగుంటుంది.

కారు కొని ఏడాదైంది. మంగళగిరి వైపు ఆఫీసులూ హాస్టళ్ళూ లేస్తున్నాయి కదా, రెండేళ్ళపాటు వాళ్ళ మంచాలన్నిటికీ పరుపులు మావే. నడుములు పడిపోయేలా కుట్టాం. అంత కష్టపడ్డాక ఎవరైనా స్థలం కొంటారు, బంగారం కొంటారు. మా ఆయన హైదరాబాదులో ఎవరో కొన్నాళ్ళు వాడి అమ్మేసిన స్పోర్ట్స్ కారు కొన్నాడు. తెల్లది. రెండే తలుపులు, రెండే సీట్లు, నేలకి జానెడు ఎత్తు. పదో క్లాసులో ఏదో క్యాలెండరు మీద అలాంటి కారు చూశాడట, అప్పట్నుంచీ అది కళ్ళలోనే ఉండిపోయిందట. దాన్ని హైదరాబాదు నుంచి తోలుకొచ్చింది ఆయనతో చదువుకున్న కోటేష్. పెదనందిపాడులో మిరప రైతు. అతనికీ అలాంటిదే పసుపు రంగుది ఉంది.

కోటేష్ పిచ్చి ఒక రకం. వాళ్ళావిడ అఖిల కారెక్కాలంటే చెప్పులు విప్పి సంచిలో వేసుకోవాలి. అద్దాలు తుడవడానికి మెత్తగా ఉంటుందని ఆవిడ పెళ్ళి పట్టుచీర కొంగు కత్తిరించాడు. అఖిల మూడు రోజులు పొయ్యి వెలిగించలేదట. కానీ ఎక్కించుకుంటాడమ్మా! బాపట్ల, శ్రీశైలం, ఎక్కడికంటే అక్కడికి తిప్పాడు. నా కడుపు మంట అక్కడే.

మా ఆయన పిచ్చి ఇంకో రకం. రెండు బకెట్లు, ఒకటి సబ్బు నీళ్ళకి, ఒకటి మంచి నీళ్ళకి. చక్రాల సందుల్లోకి టూత్‌బ్రష్. షాపుల్లో అమ్మే కారు గుడ్డలు ఆయన కంటికి ఆనవు. మంచి పత్తి దూది తెచ్చి, ఎండలో పరిచి, గింజ ముక్క గానీ ఆకు నలక గానీ లేకుండా వేళ్ళతో ఏరి, దాంతో తుడుస్తాడు. మా పెళ్ళి పరుపుకి కూడా అంత శ్రద్ధగా ఏరి ఉండడు. పిట్ట రెట్ట వేసిందంటే ఆయన అరుపు మసీదు దాకా వినబడుతుంది.

"నన్నెప్పుడు ఎక్కించుకుంటావయ్యా?" అని అడిగితే నా చీర వంక చూసేవాడు. పరుపుల పని కదా, నా చీరకి ఎప్పుడూ దూది నలకలు ఉంటాయి. "నల్ల సీట్లే ఖాజా, అంటుకుంటే ఒక పట్టాన పోవు. వచ్చే వారం చూద్దాంలే." ఒక వారం దూది. ఒక వారం మంచు. ఒక వారం రోడ్డు పని జరుగుతోంది, కంకర ఎగురుద్ది. రంజాన్ పండక్కి కొత్త చీర కట్టుకుని గుమ్మంలో నిలబడితే, "ఇవాళ గాలెక్కువగా ఉందే" అన్నాడు. గాలికి కారు ఎగిరిపోతుందా, నేను ఎగిరిపోతానా?

తాను మాత్రం శుక్రవారం శుక్రవారం బయటికి తీస్తాడు. నేను నరసరావుపేట లోడుకి వెళ్ళే రోజు అది. కొండవీడు రోడ్డు మీద ఒక రౌండ్ వేసొచ్చానంటాడు. సాయంత్రం నేను తిరిగొచ్చేసరికి కారు మీద ఒక్క మరక ఉండదు. అంత దూరం పోయొచ్చి కూడా ఎంత బాగా కడిగాడో అని మనసులో మెచ్చుకునేదాన్ని. పైకి అనలేదు, అంటే పిచ్చి ఇంకా ముదురుతుంది. నాకు అర్థమైంది ఒక్కటే. తానెక్కితే మురికవదు, నేనెక్కితే అవుతుంది. చెప్పొద్దూ, ఒంటరిగా ట్రాలీ తోలుకుంటూ ఏడ్చిన రోజులున్నాయి.

మొన్న ఫిబ్రవరిలో ఒక సోమవారం కోటేష్ షాపుకొచ్చాడు. వస్తూనే పరుపు మీద కూలబడ్డాడు.

"ఒరేయ్ బుడాన్, ఈ ఆదివారం మన స్పోర్ట్స్ కార్లవాళ్ళందరం వాడరేవు పోతున్నాం. ఒంగోలు నించి వస్తున్నారు, గుంటూరు నించి వస్తున్నారు. అందరూ ఆడోళ్ళతో సహా. ఈసారి నువ్వు రావాల్సిందే."

"దుమ్ము సీజను కదరా," అన్నాడు మా ఆయన.

"ఏరా, కారుని ఊరగాయ పెట్టుకుంటావా ఏంటి? చెల్లెమ్మా, నువ్వు చెప్పు. వస్తున్నావా లేదా?"

"నేనెప్పుడు రానన్నాను అన్నయ్యా? నన్ను పిలిచిందెవరు?"

నా గొంతులో కారం అతనికి తగిలింది. మా ఆయన వైపు చూశాడు. ఆయన తల వంచుకుని సూదిలోకి దారం ఎక్కిస్తున్నాడు. దారం ఎప్పుడో ఎక్కింది.

"సరే లేరా," అన్నాడు చివరికి. "ఆ రోజుకి కారు శుభ్రంగా ఉంటే వస్తాం."

"మాటిచ్చావ్ రా."

"ఇచ్చాలే పో."

ఆ పూట నా కాళ్ళు నేల మీద ఆనలేదు. ఇంటికి పోగానే లేత నీలం చీర ఒకటి తీసి, దూది గాలి తగలకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి, బీరువా అడుగున పెట్టాను. ఆదివారం దాకా దాన్ని ముట్టుకోకూడదని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను.

బుధవారం ఆయన నా ఆశ మీద నీళ్ళు చల్లాడు. మా ప్రహరీ అవతల మిరపకాయల గోడౌను ఉంది. సీజన్లో లోడు దిగిందంటే వీధి వీధంతా తుమ్ములే, గుమ్మాలన్నీ ఎర్రటి దుమ్మే.

"శనివారం రాత్రికి మూడు లారీలు దిగుతాయంట," అన్నాడు అన్నం తింటూ. "తెల్లారేసరికి కారంతా కారమే. ఇంకేం కడుగుతాం, ఎప్పుడు బయల్దేరతాం? చూద్దాంలే."

ఆయన నోట 'చూద్దాంలే' అంటే 'లేదు' అని అర్థం. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆమాత్రం తెలుసు నాకు. సరే కానీ, దుమ్మేగా నీ బాధ అనుకున్నాను. శుక్రవారం లోడుని మర్నాటికి వాయిదా వేసి, ఆయన మసీదుకి వెళ్ళగానే టేపు పట్టుకుని మంచం కొలిచినట్టు కారుని కొలిచాను. మధ్యాహ్నం షాపులో ఆయన కునుకు తీస్తుంటే, ఇంట్లో మిషను ముందు కూర్చున్నాను. ఎర్ర చారల పరుపు గుడ్డ కొత్త తాను విప్పాను. మందంగా, నున్నగా, వేలికి ఎక్కడా గరుకు తగలని గుడ్డ. లోపలా బయటా అదే గుడ్డ వేసి, మధ్యలో పల్చగా దూది పరిచి, అడ్డంగా నిలువుగా కుట్లు వేశాను. అద్దాలకి చెవుల్లాంటి సంచులు కుట్టాను. కారుకి పరుపు కుట్టిన దాన్ని ఈ జిల్లాలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

శనివారం సాయంత్రం ఆయన కారు కడిగి, తుడిచి, చేతులు నడుం మీద పెట్టుకుని చూస్తున్నప్పుడు, తెచ్చి ముందు పడేశాను.

"ఏంటే ఇది?"

"నీ కారుకి ముసుగు. ఇక ఎన్ని లారీలు దిగుతాయో దిగనీ."

విప్పి చూశాడు. అరచేత్తో రుద్దాడు, చెంపకి ఆనించుకున్నాడు. "అబ్బ, ఎంత మెత్తగా కుట్టావే," అన్నాడు. ఆ మాటలో మురిపెం ఉంది, ఇంకేదో ఇరుకు కూడా ఉంది. నేను మురిపెమే విన్నాను. ఇద్దరం చెరో పక్కా పట్టుకుని కప్పాం. ముడతలు కూడా ఆయనే సరిచేశాడు.

ఆదివారం పొద్దున ఆయన నన్ను పిలిచాడు. "ఖాజా." అరవలేదు, మామూలుగానే పిలిచాడు. అదే వింతగా అనిపించింది. పరిగెత్తుకుంటూ రేకుల షెడ్డులోకి వెళ్ళాను.

యా అల్లా! ముసుగు తీసి పక్కన పడేసి ఉంది. తెల్ల కారు మీద ఎర్ర చారలు. బానెట్ మీద, పైకప్పు మీద, తలుపుల మీద, చివర్నుంచి చివరికి, స్కేలు పెట్టి గీసినట్టు. పెళ్ళివారికి సిద్ధం చేసిన డబుల్ కాట్ పరుపులా ఉంది కారు.

జరిగిందేమిటంటే, ఆ రాత్రి మంచు విపరీతంగా కురిసింది. రేకుల మీద నుంచి బొట్లు బొట్లుగా కారి ముసుగు మీద పడింది. మధ్యలో దూది ఉంది కదా, అది నీళ్ళన్నీ పీల్చుకుని, గుడ్డలో ఉన్న రంగంతా కారు మీదకి దించేసింది. ఇరవై రెండేళ్ళుగా ఆ గుడ్డతోనే బతుకుతున్నాం. అది రంగు పోతుందని మా ఇద్దరిలో ఒక్కరికీ తెలియదు. ఎలా తెలుస్తుంది? పరుపుని ఎవరు ఉతుకుతారు? చీరల వాళ్ళైతే కొంగు తడిపి చూస్తారు. మేం కత్తిరించడం, కుట్టడం, అంతే.

ఆయన దూది ముద్ద తడిపి బానెట్ మీద రుద్దాడు. దూది గులాబీ రంగుకి తిరిగింది. చార కాస్త వెలిసింది గానీ పోలేదు.

ఇప్పుడు అరుస్తాడు, ఇప్పుడు మసీదు దాకా వినబడుతుంది అని ఊపిరి బిగబట్టాను. అరవలేదు. మెల్లగా ఆయన మొహంలోకి చూశాను. కోపం లేదు. బాధ కూడా పైపైనే ఉంది. వాన పడి స్కూలుకి సెలవిచ్చారని తెలిసిన పిల్లాడి మొహంలా ఉంది.

"అయ్యో, ఇంకేం పోతాంలే," అన్నాడు. "ఇదంతా వదిలేసరికి మధ్యాహ్నం అవుద్ది. కోటేష్‌కి ఫోన్ చేసి చెప్పేస్తా."

ఫోను అప్పటికే చేతిలో ఉంది.

"ఆగవయ్యా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "పిట్ట రెట్ట వేస్తే వీధంతా లేపేవాడివి. ఇవాళ కారు మొత్తం నాశనమైతే నీకు సంతోషంగా ఉందా?"

"సంతోషమెక్కడే?"

"లోపలుంది. నాకు కనపడదనుకున్నావా? నేను ఎక్కే గండం తప్పిందనేగా? అంత చేదైపోయానా నేను? నా చీర మీద దూది ఎక్కణ్ణించి వచ్చిందయ్యా, నువ్వు ఏకిందే కదా! ఏడాది నుంచి చూస్తున్నా. దుమ్మంటావు, మంచంటావు, గాలంటావు. ఇప్పుడు చూడు దాన్ని! ఇక పాడవడానికి ఏం మిగిలింది? పద, ఈ మురికి కార్లోనే పద. ఇంకేం సాకు చెప్తావో చెప్పు, వింటాను."

ఆయన ఫోను జేబులో పెట్టేశాడు. తర్వాత బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాడు.

"సాకే," అన్నాడు. "అన్నీ సాకులే. దుమ్మూ కాదు, దూదీ కాదు. దాన్ని తోలాలంటే నాకు భయం ఖాజా."

నాకు అర్థం కాలేదు. "భయమేంటి? మరి శుక్రవారం శుక్రవారం కొండవీడు?"

"కొండవీడూ లేదు, పాడూ లేదు. వెనక వీధిలో మూతబడ్డ జిన్నింగ్ మిల్లుందిగా. ఆ ఆవరణలోకి పోయి, ఆపి, ఏసీ వేసుకుని గంట సేపు కూర్చుని వచ్చేస్తా."

అందుకేనా దుమ్ము ఉండనిది! మిగతాది కూడా ఆయనే చెప్పాడు. కొన్న మొదటి వారం అద్దంకి రోడ్డు మీదకి ఒక్కడే తీశాడట. కాలు ఇలా ఆనించాడో లేదో కారు ఒక్క దూకు దూకిందట. ఎదురుగా టీ కొట్టు, బల్ల మీద ఇద్దరు ముసలివాళ్ళు గ్లాసులు పట్టుకుని కూర్చున్నారట. బల్లకి బెత్తెడు దూరంలో ఆగింది.

"వాళ్ళు తిట్టలేదే. తిట్టినా బాగుండేది. బిత్తరపోయి నా వంక చూశారు. ఆ చూపు ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. నువ్వు పక్కన ఉన్నప్పుడు అట్టా దూకితే? అందుకే ఎక్కించుకోలేదు. నీకు చెప్దామంటే సిగ్గు. నువ్వు ట్రాలీ వేసుకుని లారీల మధ్యలో అద్దంకి పోయొస్తావు. స్పోర్ట్స్ కారు కొన్న మొగుణ్ణి, తోలాలంటే కాళ్ళు వణుకుతున్నాయని నీ ముందు ఎట్టా చెప్పను? అందుకే కడుగుతా కూర్చున్నా. కడగడమైతే నాకొచ్చు."

నాకు కోపం రావాలి, వచ్చింది కూడా. ఏడాది పొడుగునా నన్ను ఏడిపించాడు. కానీ ఆ కోపం కింద నుంచి ఇంకోటి పొంగుకొచ్చింది. నేను మురికి కాదు. ఆయన దాచుకుంది కారుని నా నుంచి కాదు, నన్ను కారు నుంచి. చీర కొంగుతో మొహం తుడుచుకున్నాను. కొంగుకున్న దూది ముక్కులోకి పోయి తుమ్మొచ్చింది.

అంతలో బయట హారన్. కోటేష్, అఖిల దిగారు. కోటేష్ షెడ్డులోకి ఒక్క అడుగు వేసి, కారుని చూసి, గోడ పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"ఏరా, షాపుకి యాడ్ వేయించావా కారు మీద? ఫోన్ నంబరు కూడా రాయించాల్సింది!"

"ఊరుకోండి," అని అఖిల అతని వీపు మీద ఒకటి వేసింది. "ఏమైంది ఖాజా వదినా?"

నేను నోరు తెరిచేలోపు మా ఆయనే చెప్పాడు. ముసుగు సంగతి, మంచు సంగతి. ఆ తర్వాత, బకెట్ మీద నుంచి లేవకుండానే, "ఇంకో సంగతి రా. నాకు తోలడం భయం" అన్నాడు. ఒకసారి బయటపడ్డాక రెండోసారి అంత కష్టం కాలేదనుకుంటా.

కోటేష్ నవ్వు ఆగిపోయింది. తల గోక్కున్నాడు.

"ఓరి నీ! ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదేంరా? దీనికి అంత ఆలోచనెందుకు, చెల్లెమ్మ తోలుద్ది. పేటలో ఆవిడ్ని మించిన డ్రైవరెవరు?"

మా ఆయన మొహం వెలిగింది. జేబులోంచి తాళం తీసి నా ముందు పెట్టాడు. "నిజమే ఖాజా, నువ్వు తోలు. నేను పక్కన కూర్చుంటా."

నిజం చెప్పాలంటే వేళ్ళు జివ్వుమన్నాయి. నేను తోలితే గంటలో సముద్రం ముందుంటాం. కోటేష్ బండికంటే ముందు కూడా ఉంటానేమో. కానీ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాను.

"నేను తోలను. తోలడానికి నాకు ట్రాలీ ఉంది. ఈ కార్లో నేను కూర్చుంటాను. ఎడమ పక్కన."

"మరి ఎట్టా?" అన్నాడు ఆయన.

"నువ్వు తోలతావు. నిదానంగా తోలు. ఎద్దుల బండిలా తోలు. సాయంత్రానికి చేరినా నాకు నష్టం లేదు. ఒక్క మాట అనను, నేర్పను. అన్నయ్యా, మీరు పదండి. మేం వెనకాల వస్తాం."

కోటేష్ ఏదో అనబోతే అఖిల అతని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. వెళ్తూ వెళ్తూ నా వంక చూసి కన్ను గీటింది.

సంచిలో చుట్టి దాచిన నీలం చీర కట్టుకుని వచ్చాను. ఎంత దాచితే ఏం, ఇంట్లోంచి షెడ్డు దాకా నడిచి వచ్చేసరికి నాలుగు నలకలు అంటుకోనే అంటుకున్నాయి. దులుపుకోబోయాను. "ఉండనీలే," అని ఆయనే తలుపు తీశాడు. ఎంత కిందికి ఉందో ఆ సీటు! నేల మీద చాప వేసి కూర్చున్నట్టుంది. అలవాటు కొద్దీ నొక్కి చూశాను. మంచి ఫోమే, కానీ మా చేతి దూది ముందు దిగదుడుపు.

ఆయన మూడుసార్లు బిస్మిల్లా అని స్టార్ట్ చేశాడు. అది గుర్రుమనగానే భుజాలు బిగిసిపోయాయి. వీధి దాటడానికి పది నిమిషాలు. స్పీడ్ బ్రేకర్ వస్తే దిగి చూసి మళ్ళీ ఎక్కాడు. హైవే దాటేటప్పుడు రెండు వైపులా ఒక్క బండి కూడా లేకుండా పోయేదాకా ఆగాడు, వెనక బస్సు వాడు హారన్ మీద చెయ్యి తీయలేదు. నా కుడికాలు దానంతట అదే లేని బ్రేకుని తొక్కుతోంది. చీర కుచ్చిళ్ళ కింద దాచుకున్నాను.

"మాట్లాడకే," అన్నాడు ఆయన, చెమట తుడుచుకుంటూ.

"నేనేం మాట్లాడాను?"

"ఊపిరి గట్టిగా పీలుస్తున్నావ్."

ఊపిరి కూడా చిన్నగా పీల్చడం మొదలుపెట్టాను. పర్చూరు రోడ్డు ఎక్కాక స్పీడు ముల్లు ఇరవై ఐదు మీద కుదురుకుంది. మిరపకాయల బస్తాలు వేసుకున్న ట్రాక్టరు ఒకటి మమ్మల్ని దాటేసింది. ఎర్ర దుమ్ము వచ్చి అద్దం మీద పడింది. ఆయన వైపర్ వేశాడు, అంతే, ఇంకేమీ అనలేదు. ఆ వెనకే కాయ కోతకి పోయే ఆడవాళ్ళ ఆటో మా పక్కకి వచ్చి నెమ్మదించింది.

"ఓసి, పరుపు పోతోందే రోడ్డు మీద!" అని ఒకావిడ కేక వేసింది.

"మామా, తొయ్యమంటావా?" అంది ఇంకొకావిడ. ఆటో ఆటో అంతా గొల్లుమంది.

నాకు భయమేసింది, ఈయన మొహం మాడ్చుకుని వెనక్కి తిప్పుతాడేమోనని. ఆయన అద్దం దించాడు. "మా ఆవిడ కుట్టిన పరుపమ్మా! కావాలంటే పేటకి రండి, చేసిపెడతాం," అన్నాడు. పెద్దగా నవ్వాడు. నవ్వుతుంటే ఆయన భుజాలు కిందికి దిగాయి. ముల్లు ముప్ఫై దాటింది, ఆయన చూసుకోలేదు. నేను చూశాను గానీ చెప్పలేదు.

ఇక నా సంగతి. చేతులు ఒళ్ళో పెట్టుకోవాలని ఏడాదిగా అనుకున్నానా, తీరా కూర్చున్నాక వాటిని ఏం చెయ్యాలో తెలియలేదు. కాసేపు మడిచాను, కాసేపు తొడల మీద పరిచాను. రోడ్డుకి రెండు పక్కలా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఎన్ని వందలసార్లు వచ్చానో ఈ దారిన, కళ్ళు ఎప్పుడూ ముందున్న బండి మీదే ఉండేవి. పత్తి చేలు చివరి తీతకొచ్చి అక్కడక్కడా తెల్లగా మెరుస్తున్నాయి. ఒక ఇంటి ముందు ముసలమ్మ మనవరాలికి జడ వేస్తోంది. కాలవ గట్టు మీద కొంగలు. ఇవన్నీ ఇక్కడే ఉన్నాయా ఇన్నాళ్ళూ అనిపించింది. నా చేతులు ఎప్పుడు కదలడం మానేశాయో నాకు తెలియదు. పర్చూరు బస్టాండు చూసిన గుర్తు. ఆ తర్వాత ఏదీ గుర్తు లేదు.

కళ్ళు తెరిచేసరికి కారు ఆగి ఉంది. ఎదురుగా సర్వి చెట్లు, వాటి వెనక సముద్రం హోరు. దూరంగా ఇసక మీద పసుపు కారు, ఇంకా నాలుగైదు కార్లు, మనుషులు. అఖిల చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్ళలో నిలబడి ఉంది. ఇంజన్ ఆపేసి ఉంది. మా ఆయన మాత్రం రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉంచి, నా వైపు తిరిగి చూస్తున్నాడు.

"వచ్చేశామా?"

"వచ్చి అరగంటైంది."

"మరి లేపలేదేంటయ్యా! అందరూ అక్కడుంటే..."

"నిద్రపోయావ్," అన్నాడు.

"ఏమో, కన్నంటుకుంది."

"కన్నంటుకోవడం కాదే. గురక పెట్టావ్. పర్చూరు దాటగానే మొదలుపెట్టావు. చీరాల ఊళ్ళో ఆ ఆటోలు, ఆ జనం, రైలు గేటు, అన్నీ నేనొక్కణ్ణే దాటించా. నువ్వు లేవలేదు." ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నేను తోలుతుంటే నువ్వు నిద్రపోయావు ఖాజా."

నేను సీట్లో సర్దుకుని కూర్చున్నాను.

"భయమేస్తే మనిషికి నిద్ర పడుద్దా?" అని అడిగాడు.

"పట్టదు," అన్నాను.

అప్పుడు గానీ ఆయన స్టీరింగ్ మీద నుంచి చేతులు తియ్యలేదు.